వడ్డీ తగలని డబ్బు

రాయచోటి,
మార్చి 3.

స్వర్ణకు సలామ్.

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. హాస్టల్ రోజుల తర్వాత మళ్లీ కవరు మీద నీ పేరు రాస్తుంటే నాకే వింతగా ఉంది. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నాయన రెండుసార్లు నా మొహం చూశాడు.

నా బ్యాంకు ఖాతా ఆపేశారు. మొన్న లైనింగు గుడ్డకు పన్నెండు వందలు ఫోన్‌లో కొట్టబోతే పోలేదు. బ్యాంకుకు పరిగెత్తాను. మేనేజరు కంప్యూటరు నా వైపు తిప్పి, "వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు ఆపమన్నారమ్మా, మా చేతుల్లో ఏం లేదు. వాళ్లొచ్చి మీ ఫోన్ కూడా అడగొచ్చు" అన్నాడు. ఖాతాలో ఆరు లక్షల అరవై ఆరు వేలు ఉంది. అంతా నేను మిషను తొక్కి కూడబెట్టిందే. పాసుబుక్కు జిరాక్సు ఇందులో పెట్టాను.

కర్నూలులో సగం షాపుల పన్ను లెక్కలు నువ్వే చూస్తావని చెప్పుకుంటావు కదా. ఏం చేయాలో చెప్పు. ఫోన్ మాత్రం చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు. నా ఇల్లు నీకు తెలుసు. ముందు గదిలోనే మిషను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడవాళ్లు కూర్చునే ఉంటారు. నేను నోరు తెరిస్తే పది చెవులు వింటాయి. కాగితం మీద రాయి.

నీ నఫీసా.


కర్నూలు,
మార్చి 8.

నఫీకి,

నీ చేతిరాత ఇంకా కోడి గీకినట్టే ఉంది.

ముందు ధైర్యం. పోలీసులకు నీ మీద పగేం లేదు. ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ నీ దాంట్లోకి వచ్చి ఉంటుంది. ఆ వరసలో ఉన్న ఖాతాలన్నీ ఆపేస్తారు. ఆ డబ్బు ఎందుకొచ్చిందో నువ్వు చూపించగలిగితే దారి ఉంది.

ఇప్పుడు రెండో మాట. మహానంది కోనేటి దగ్గర చెప్పులు పోగొట్టుకుని, కోతి ఎత్తుకుపోయిందని వార్డెనుకు చెప్పినదానివి నువ్వు. పక్కన నిలబడి తలూపినదాన్ని నేను. నీ అబద్ధం నాకు తెలుస్తుంది. నీ పాసుబుక్కులో ఫిబ్రవరి నెలలో ఒకే వారంలో నాలుగు సార్లు డబ్బు పడింది. నలుగురూ మగవాళ్లు, నలుగురివీ నాలుగు ఊళ్లు. వాళ్లేం రవికలు కుట్టించుకున్నారు నీ దగ్గర?

వాళ్లెవరో, ఎందుకిచ్చారో రాయి. ఒక్క ముక్క దాచినా నేను నీ తరఫున ఏ కాగితం మీదా సంతకం పెట్టలేను.

స్వర్ణ.


రాయచోటి,
మార్చి 14.

స్వర్ణా,

సరే, చెప్తాను. నవ్వొద్దు, తిట్టొద్దు.

స్టేబుల్‌కాయిన్ అని ఫోన్‌లో కొనుక్కునేది ఒకటుంది. ఒక కాయిన్ అంటే ఒక డాలర్. మా వీధిలో కువైట్ నుంచి తిరిగొచ్చిన శిరీన్ ఉంది, అక్కడ ఇంటిపని చేసేది. ఆ పిల్ల తన యాప్‌లో ఎట్లా కొనాలో చూపించింది. అదే యాప్ నా ఫోన్‌లోనూ వేసుకుని నెలనెలా కొన్నాను. రెండున్నరేళ్లు. ఫిబ్రవరిలో మొత్తం అమ్మేశాను. యాప్‌లో "కొంటాం" అని పేర్లు కనిపిస్తాయి, ఒకరిని నొక్కితే వాళ్లు మన బ్యాంకులో రూపాయలు వేస్తారు, మనం కాయిన్లు వదులుతాం. ఆ నలుగురూ అట్లా వచ్చినవాళ్లే. వాళ్ల మొహాలు కూడా నేనెరగను.

బ్యాంకులో ఎందుకు పెట్టలేదంటావు. బ్యాంకులో పెడితే వడ్డీ పడుతుంది. ఈ డబ్బుకు వడ్డీ తగలకూడదు. బంగారం అంటే తరుగు, మజూరీ, దొంగల భయం. ఈ కాయిన్ అయితే వడ్డీ ఇవ్వదు, పెరగదు, తరగదు, డాలర్ డాలర్‌గానే కూర్చుంటుంది. అంతకన్నా శుభ్రమైనది ఏముంది అనుకున్నాను.

డాలర్ డాలర్‌గానే ఉంది కాబట్టి నాకు లాభమే లేదు, పన్నూ లేదు. అంతే కదా? అయినా పోలీసులకు ఈ కాయిన్ల గొడవ ఎందుకు? కుట్టుపని డబ్బు అని, ఆ నలుగురూ బట్టల వ్యాపారులని నువ్వొక కాగితం రాసిస్తే సరిపోదా?

నఫీ.


కర్నూలు,
మార్చి 20.

నఫీ,

తిట్టను. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి, మార్చి నెలాఖరు నాకు.

కాయిన్ కొనడం నేరం కాదు. దాచుకోవడమూ కాదు, దాచుకున్నంత కాలం పన్నూ లేదు. అమ్మిన రోజు మొదలవుతుంది కథ. నువ్వు డాలర్‌తో కొలుస్తున్నావు, మన చట్టం రూపాయితో కొలుస్తుంది. నువ్వు ఎనభై అయిదు, ఎనభై ఆరుకు కొని తొంభైకి అమ్మి ఉంటావు. ఆ తేడా లాభమే. దాని మీద ముప్పై శాతం పన్ను, పైన సెస్సు. ఆదాయం లేనివాళ్లకుండే మినహాయింపు దీనికి పనికిరాదు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యనివ్వరు. ఒకచోట నష్టమొస్తే ఇంకోచోట లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. డాలర్ కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకున్నా అమ్మినట్టే లెక్క. కొనేటప్పుడు ఒక శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన సందర్భాలూ ఉంటాయి. నీ యాప్ మన దేశంలో నమోదైనదే అయితే వాళ్లే చూసుకునేవాళ్లు. నీదేమో శిరీన్ కువైట్‌లో ఎక్కించుకున్న యాప్. అందులో నువ్వు ఎవరితో వ్యవహరించావో చెప్పే దిక్కు లేదు.

ముక్కూమొహం తెలియని మనిషికి కాయిన్లు అమ్మి, అతను పంపిన డబ్బు ఎక్కడిదో చూసుకోలేదు. ఖాతా ఆగింది అందుకే.

బట్టల వ్యాపారులని రాయను. ఈ యాప్‌లో నీ అమ్మకాలు, కొనుగోళ్లు, అన్నీ తేదీలతో సహా ప్రింటు తీసి పంపు. ఏదీ చెరపొద్దు.

ఇంకొకటి అడుగుతాను, ఒక్కసారే అడుగుతాను. "ఈ డబ్బుకు వడ్డీ తగలకూడదు" అని రాశావు. నీ డబ్బు అయితే అట్లా రాయవు. నీ ఖాతాలో పడిన వడ్డీని పండగ పూట నువ్వు బిచ్చగాళ్లకు పంచేయడం నేను చూశాను. ఇది ఎవరి డబ్బు?

స్వర్ణ.


రాయచోటి,
ఏప్రిల్ 4.

స్వర్ణలత గారికి,

రంజాన్ పండగ అయిపోయింది. మూడో రోజే ఇద్దరు పోలీసులు వచ్చారు, మన స్టేషనుకు పిలిపించారు. హిందీలో అడుగుతారు, నేను చెప్పింది ఒకాయన రాసుకుంటాడు. నాలుగు గంటలు. ఎవరు నేర్పారు, ఎవరు చెప్పారు, ఎవరి సలహా అని తిప్పి తిప్పి అదే. ఏదో చెప్పాను. సంతకం పెట్టించుకుని ఫోన్ తీసుకుపోయారు. నువ్వడిగిన యాప్ ప్రింటు అంతకు ముందే తీయించాను, ఇందులో పెట్టాను.

ఎవరి డబ్బని అడిగావు. ఏడుగురిది. నాది ఏడో వంతు. మిగతా ఆరుగురూ నా ముందు గదిలో కూర్చునేవాళ్లే. ఉమ్రాకు పోవాలని తలా నెలకు మూడు వేలు, ముప్పై నెలలు వేశారు. ఒకామె బీడీలు చుడుతుంది, ఒకామె స్కూల్లో వంట చేస్తుంది, శిరీన్ నీకు తెలుసు. అందరికన్నా పెద్దది గుల్షన్ బీ, మా అమ్మ అక్క, నా ఖాలా. ఆమె మోకాళ్లు ఇంకో ఏడాది ఆగవు. మక్కాకు పోయే డబ్బులో వడ్డీ పైసా కలవకూడదని ఆమే చెప్పింది. అందుకే కాయిన్లు.

వాళ్లకు ఖాతా సంగతి చెప్పలేదు. ట్రావెల్స్ వాళ్లు మే నెలలో అడ్వాన్సు కట్టమంటున్నారు. ఈ ఆరుగురూ రోజూ అడుగుతున్నారు, "ఏం మే, కడితివా?" అని. కడుతున్నాను అంటున్నాను.

స్టేషనులో ఉన్న మన తెలుగాయన ఒకడు పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. ఏడుగురి డబ్బు అని నోరు జారితే, లైసెన్సు లేకుండా జనం దగ్గర డిపాజిట్లు పట్టావని ఇంకో కేసు పడుతుందట. డబ్బంతా నాదే అంటే ఒక్క కేసుతో పోతుందట. కాబట్టి నువ్వు నాకు మూడేళ్ల కిందట అప్పిచ్చినట్టు పాత తేదీతో ఒక స్టాంపు పేపరు రాసివ్వు. పాత స్టాంపు పేపర్లు దొరికే చోటు నీకు తెలియకుండా ఉండదు. నేను నిన్ను ఇరవై ఏళ్లలో ఏమీ అడగలేదు. కుదరదంటే కుదరదని ఒక్క ముక్క రాయి చాలు.

నఫీసా.


కర్నూలు,
ఏప్రిల్ 9.

నఫీసాకు,

కుదరదు.

ఎందుకో కూడా విను. డబ్బంతా నీదే అని ఒకసారి కాగితం మీద పడితే అది నీదే అవుతుంది. రేపు నీకేమన్నా అయితే ఆ ఆరుగురు ఏ ముఖంతో, ఏ ఆధారంతో అడుగుతారు? నువ్వు పోలీసుల నుంచి తప్పించుకోవడానికి బీడీలు చుట్టే మనిషి దగ్గర మూడు వేల చొప్పున ముప్పై నెలలు లాక్కున్నట్టు అవుతుంది. నువ్వు అట్లాంటిదానివి కాదని నాకు తెలుసు. ఆ స్టాంపు పేపరుకు తెలియదు.

డిపాజిట్ల కేసు భయం అబద్ధం కాదు. కానీ ఏడుగురు కలిసి ఒక ప్రయాణానికి డబ్బు వేసుకోవడం, లాభం ఆశ చూపి ఊరి మీద పడి వసూలు చేయడం ఒకటి కాదు. అది చెప్పడానికి వకీలు ఉన్నాడు, నేను మాట్లాడాను. ఆయనకు కావాల్సింది ఒక్కటే, ఎవరు ఏ నెల ఎంత వేశారో రాసి ఉన్న పుస్తకం. అది పంపు.

ముందు వాళ్లకు నిజం చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు.

స్వర్ణలత.


రాయచోటి,
మే 2.

స్వర్ణా,

మూడు వారాలు నీ మీద కోపంతో రాయలేదు. రెండు వారాలు కోపం, ఒక వారం సిగ్గు.

చెప్పేశాను. శుక్రవారం నమాజు తర్వాత ఆరుగురినీ కూర్చోబెట్టి, మిషను ఆపి, చెప్పాను. బీడీలు చుట్టే ఆమె లేచి వాకిట్లోకి పోయి నిలబడింది. శిరీన్ ఏడ్చింది, "నేను నేర్పినందుకే గదా" అని. గుల్షన్ ఖాలా మాత్రం నన్నే చూస్తూ, "రెణ్ణెల్లు మా ముందర కూచోని కుడతానే ఉండావు. సూది యెట్లా కదిలింది మే నీకు?" అంది. పోలీసులు నాలుగు గంటలు అడిగినదానికన్నా ఆ ఒక్క మాటకు చచ్చిపోయాను.

నువ్వడిగిన పుస్తకం లేదు. ఉంటే ముందే పంపేదాన్ని. ముగ్గురికి చదువు రాదు, నేను రాసుకున్న లెక్క వాళ్లకెట్లా తెలుస్తుంది? అందుకని మొదట్లోనే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఉమ్రాలో తలకు కప్పుకునే తెల్ల ముసుగులు ఏడు కత్తిరించాను. ఎవరి ముసుగు వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. నెల డబ్బు తెచ్చినప్పుడు ముసుగు కూడా తేవాలి. డబ్బు నేను తీసుకుని, వాళ్ల కళ్లముందే లోపలి అంచున పచ్చదారంతో ఒక వరస కుడతాను. ఒక నెల ఇవ్వలేకపోతే ఆ చోట ఒక వేలెడు ఖాళీ వదిలి, తర్వాత ఇచ్చినప్పుడు నింపుతాను. ముప్పై వరసలు. వేలితో తడిమినా లెక్క తెలుస్తుంది.

దీన్ని చూపిస్తే నీ వకీలు నవ్వుతాడేమో.

నఫీ.


కర్నూలు,
జూన్ 6.

నఫీ,

వకీలు నవ్వలేదు. నువ్వు పంపిన ఏడు ముసుగులూ టేబులు మీద పరిచి, దారం ఒక్కో వరస ఎట్లా పాతబడిందో వేలితో తడిమి చూశాడు. నీ యాప్ ప్రింటులోని కొనుగోలు తేదీలూ, ముసుగుల్లో నెలలూ, రంజాన్ నెలలో వంటామె ముసుగులో వదిలి తర్వాత నింపిన ఖాళీతో సహా సరిపోయాయి. ఆయన ఫొటోలు తీసి, ఏడుగురి వాంగ్మూలాలు జతచేసి ఆ రాష్ట్రానికి పంపాడు. డిపాజిట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

జవాబు వచ్చింది. నాలుగు జమల్లో మూడు శుభ్రంగా ఉన్నాయి. నాలుగోది, తొంభై వేలు, మోసం చేసి లాగిన సొమ్ము. పోగొట్టుకున్నది రిటైరైన ఒక టీచరమ్మ. ఫోన్‌లో పోలీసులమని బెదిరించి ఆమె పింఛను డబ్బు ఊడ్చేశారు. మీరు ఆ తొంభై వేలు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకుని రాసిస్తే, కోర్టు ద్వారా ఆమెకు చేర్చి మిగతా ఖాతా వదులుతామంటున్నారు.

నా సలహా, ఒప్పుకోవద్దు. నువ్వు వెయ్యి కాయిన్లు ఇచ్చి తీసుకున్న డబ్బు అది, ఊరికే రాలేదు. దొంగ వేరే వాడు. కోర్టుకు పోతే మనకు బలం ఉంది. ఆర్నెల్లు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఖాతా అంతవరకూ అట్లాగే ఉండొచ్చు. కానీ తొంభై వేలు వదులుకుంటే ఏడుగురిలో ఒకరి ప్రయాణం ఆగిపోతుంది. మీరంతా కూర్చుని ఆలోచించండి.

స్వర్ణ.


రాయచోటి,
జూన్ 15.

స్వర్ణా,

నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. శిరీన్ కోర్టుకే పోదామంది. వంటామె కూడా. నాకూ అదే న్యాయం అనిపించింది. మనమేం తప్పు చేశామని వదులుకోవాలి?

గుల్షన్ ఖాలా చివరిదాకా విని, "ఆ టీచరమ్మకు ఎంత వయసు?" అని అడిగింది. తెలియదన్నాను. "పింఛనంటే నా మాదిరే ఉంటాదిలే" అంది. తర్వాత అన్న మాటలు నీకు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "వడ్డీ తగలకూడదని ఇంత పాట్లు పడితిమి. ఆయమ్మ ఈడ ఏడస్తాంటే, ఆ దుడ్డుతో నేను ఆడికి పోయి చేతులెత్తి ఏమడగల్ల మే? ఇచ్చేయండి."

బీడీలు చుట్టే ఆమె ముందుగా తలూపింది. ఆ తర్వాత ఇంకెవరూ కోర్టు మాట అనలేదు.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాను. ఇందులో పెట్టాను, వాళ్లకు పంపించు. ఎవరు ఆగాలో ఎవరూ అడగలేదు, నేనే ఆగుతానని చెప్పాను. అమ్మింది నేను, ఎవరికి అమ్ముతున్నానో చూసుకోనిది నేను.

నఫీ.


కర్నూలు,
సెప్టెంబరు 28.

నఫీ,

ఖాతా తెరుచుకుంది, ట్రావెల్స్‌కు ఆరుగురి డబ్బు పోయింది, రసీదులు అందాయి. నీ రిటర్ను వేశాను. కాయిన్లు నీ పేరున కొని నీ పేరున అమ్మావు కాబట్టి నీ పేరునే వేశాను, ఏడుగురి వాటాల కాగితం ఫైలులో ఉంది. లాభం ముప్పై ఆరు వేలు, పన్ను పదకొండు వేల రెండు వందల ముప్పై రెండు. టీచరమ్మకు వెనక్కిచ్చిన తొంభై వేల మీద లాభానికీ పన్ను కట్టాం. ఇచ్చేశాం కదా తీసెయ్యండని వాదించవచ్చు. నువ్వు ఇంకో వాదన భరించలేవనిపించి వదిలేశాను.

నీ ప్రయాణానికి తొంభై నాలుగు వేలు నేను పెడతాను. ఎందుకంటే ఇందులో నా తప్పుంది.

మార్చి నుంచి ఇది రాయాలని కూర్చుంటాను, లేస్తాను. మూడేళ్ల కిందట జులై ఆఖరు వారం. నువ్వు ఫోన్ చేసి, వడ్డీ రాకుండా, విలువ తరగకుండా డబ్బు దాచే దారి ఏదన్నా ఉందా అని అడిగావు. రిటర్నుల ఆఖరి రోజులు, నా చుట్టూ పది మంది. "డాలర్లు కొనుక్కోవే, కదలకుండా కూర్చుంటాయి" అని నవ్వాను. రెండు రోజులకు నువ్వు మెసేజ్ పెట్టావు. డాలర్ కాయిన్ అని ఫోన్‌లో దొరుకుతుందట, కొనొచ్చా, ఇబ్బంది ఏమీ లేదు కదా అని. నేను చదివీ చదవక బొటనవేలు బొమ్మ పెట్టాను. ముప్పై శాతం చట్టం వచ్చింది ఆ ఏడే. నేను దాన్ని చదివాను, షాపుల వాళ్లకు చెప్పాను. నీకు మాత్రం బొటనవేలు చూపించాను.

నువ్వు నిజం దాస్తున్నావని నేను అన్ని ఉత్తరాల్లో గద్దించాను. దాచింది నేను. నీకు ఎవరు సలహా ఇచ్చారని పోలీసులు అడిగారని నువ్వు రాసినప్పుడు, ఆ ఉత్తరం మడిచి సొరుగు అడుగున పెట్టేశాను. నా పేరు చెబితే నా పని పోతుందని భయపడ్డాను, ఆ భయంతో అడగకుండా ఊరుకున్నాను. ఇక ఊరుకోను. వచ్చే సోమవారం రాయచోటి వచ్చి, స్టేషనులో నా వాంగ్మూలం నేనే ఇస్తాను.

స్వర్ణ.


రాయచోటి,
అక్టోబరు 3.

స్వర్ణకు సలామ్.

వాళ్లు నిన్న బయల్దేరారు. పొద్దున్నే బస్సు, బెంగళూరు నుంచి విమానం. ఆరుగురూ తెల్ల ముసుగులు వేసుకుని మా వాకిట్లో నిలబడ్డారు. గుల్షన్ ఖాలా బస్సు మెట్టు ఎక్కలేక నా భుజం పట్టుకుంది. పట్టుకుని, నా ముసుగు ఎక్కడని అడిగింది. పెట్టెలో ఉందన్నాను. "నువ్వు రాకపోతే పాయె, నీ గుడ్డన్నా రానీ" అని తెప్పించుకుని తన సంచిలో పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా బాగానే ఉన్నాను. ఇంట్లోకొచ్చి ఖాళీగా ఉన్న చాప చూసి కూలబడి ఏడ్చాను. పోవాలని నాకు శానా ఉండింది స్వర్ణా.

నీ డబ్బు వద్దు. మీ ఆయనకు తెలియకుండా తీసేదే కదా. నేను ఇంకో గుడ్డ కత్తిరించుకున్నాను, నిన్నటి రవిక కూలితో మొదటి వరస వేశాను. ఈసారి డబ్బు బ్యాంకులోనే, వడ్డీ రాని కరెంటు ఖాతాలో. అట్లాంటిది ఒకటుందని నాకు ముందే ఎవరూ చెప్పలేదు చూడు.

ఆ బొటనవేలు నాకు గుర్తు లేదనుకున్నావా? బ్యాంకు మేనేజరు "ఫోన్ అడగొచ్చు" అన్నాడని రాశాను కదా. ఆ రోజు బ్యాంకు మెట్లు దిగకముందే, నిలబడే, మన మాటలన్నీ తీసేశాను. నీ కూతురి పుట్టినరోజు ఫొటోలు, ఆలూరు నుంచి మీ అమ్మ నాకోసం పంపిన మాటలు, అన్నీ. నీ నంబరు కూడా. అందుకే ఫోన్ చేయొద్దన్నాను. పది చెవులు ఎప్పుడూ ఉన్నాయి మే, ఇరవై ఏళ్లుగా వాటి మధ్యే నీతో మాట్లాడుతున్నాను.

పోలీసులు ఎవరి సలహా అని ఏడుసార్లు అడిగారు. ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది అని ఏడుసార్లు చెప్పాను. నువ్వు నా చేత ప్రతి కాగితం మీదా నిజమే రాయించావు. ఫైలులో ఉన్న అబద్ధం అదొక్కటే. కింద సంతకం నాది, నీది కాదు. దాన్ని దిద్దడానికి సోమవారం రావొద్దు.

ఊరికే రావాలనుంటే రా. చాప ఖాళీగా ఉంది.

నీ నఫీ.